గోడ ఇవతల ఊరు.. అవతల కడలి

శ్రీలంక దక్షిణ తీరం అనగానే కొబ్బరిచెట్లు, బంగారు రంగు ఇసుక కళ్లముందు మెదులుతాయి. ఆ ఇసుకను ఆనుకునే వందల ఏళ్ల నాటి ఊళ్లున్నాయి. వాటిలో జనం ఇప్పటికీ కాపురాలు చేస్తున్నారు. గాలె నుంచి దేవినువర దాకా ఆ ఊళ్ల కథ ఇది.

గాలె మనకు కొత్త పేరేం కాదు. టెస్టు మ్యాచ్ నడుమ కెమెరా పైకి లేచి, మైదానం వెనకున్న నల్లటి కోటగోడనూ, దాని మీద గొడుగులేసుకుని కూర్చున్న జనాన్నీ, ఆపైన సముద్రాన్నీ చూపిస్తూ ఉంటుంది. 2010 జులై 22న ముత్తయ్య మురళీధరన్ తన 800వ వికెట్ తీసింది ఆ మైదానంలోనే. ఆఖరి బంతికి దొరికిపోయిన బ్యాట్స్‌మన్ మన హైదరాబాద్ జట్టు ఆటగాడు ప్రజ్ఞాన్ ఓఝా. టికెట్టు కొనకుండా గోడ మీద నుంచి ఆట చూడటం గాలె వాళ్లకు అలవాటు. వాళ్లకు అది కోట కాదు, ఊరి అరుగు.

ఆ అరుగు వయసు చాలా పెద్దది. పోర్చుగీసు వాళ్లు లంకలో అడుగుపెట్టింది 1505లో. గాలె దగ్గర చిన్న కోట కట్టుకున్నది 1588లో. 1640లో డచ్చి వాళ్లు దాన్ని లాక్కున్నారు. 1663 నుంచి రాయీ, పగడపు దిబ్బల నుంచి తవ్వి తెచ్చిన గట్టి ముక్కలూ పేర్చి ఇప్పుడు మనం చూస్తున్న గోడలు లేపారు. 1796లో ఇంగ్లీషు వాళ్లు వచ్చారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కోటకు చోటు దక్కింది. మొత్తం 14 బురుజులు. భూమి వైపున్న మూడింటికి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం పేర్లు పెట్టారు. దాడి అటునుంచే వస్తుందని డచ్చి వాళ్ల భయం. అందుకే అటువైపు గోడ మరీ మందం. సముద్రం వైపు మాత్రం రాళ్లూ అలలే సగం కాపలా కాస్తాయి.

గోడ ఎక్కి తీరిగ్గా ఒక చుట్టు చుడితే గంటన్నర పడుతుంది. సాయంత్రం అయిదు దాటాక వెళ్లాలి. అప్పటికి ఎండ తగ్గి, కొత్త గాలె నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేరతాయి. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. బడి యూనిఫాం విప్పకుండానే కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటారు. ఒక చివర 1939లో కట్టిన తెల్లటి దీపస్తంభం, దాని కింద చిన్న బీచ్, ఎదురుగా తెల్లటి మసీదు. ఆ మసీదును దూరం నుంచి చూస్తే చర్చి అనే అనుకుంటాం. గంట స్తంభాల్లాంటి రెండు గోపురాలు, ముందు యూరప్ పద్ధతిలో కట్టిన ముఖభాగం. దగ్గరికెళ్తేగానీ నెలవంక కనపడదు. 1904లో కట్టారు. నాలుగు మతాలు, మూడు భాషలు నాలుగు వీధుల్లో సర్దుకున్న ఊరికి ఈ కట్టడమే సరైన చిరునామా అనిపించింది నాకు.

కోట లోపల మ్యూజియాలు ఉన్నమాట నిజమే. నన్ను కట్టిపడేసింది మాత్రం అవి కావు. పెద్ద పెద్ద చెట్ల నీడలో కోర్టులు, కోర్టు ముందు నల్లకోట్లతో ప్లీడర్లు, ఫైళ్లు పట్టుకుని వాయిదాకొచ్చిన పల్లెటూరి జనం. ఒక పక్క బౌద్ధ విహారం, ఇంకో పక్క చర్చి. డచ్చి వాళ్లు వీధుల కింద కట్టిన మురుగు కాలువలను సముద్రపు పోటు నీళ్లే వచ్చి కడిగిపోయేలా ఏర్పాటు చేశారు. 17వ శతాబ్దంలో మన ప్రాంతంలోనే కాదు, యూరప్‌లోనూ చాలా నగరాలకు అలాంటి వసతి లేదు.

పాత ద్వారం దగ్గర కాసేపు ఆగండి. బయటివైపు బ్రిటిష్ రాజచిహ్నం. లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే డచ్చి ఈస్టిండియా కంపెనీ ముద్ర, రెండు సింహాలు, పైన ఒక కోడిపుంజు, 1669 అనే అంకె. ఒకే గుమ్మానికి రెండు సామ్రాజ్యాలు ముందోటీ వెనకోటీ తమ పేరు రాసుకున్నాయి. ఆ గుమ్మం గుండా ఇప్పుడు ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

1755 నాటి డచ్చి చర్చి నేలంతా సమాధి రాళ్లే. పుర్రెలు, ఇసుక గడియారాలు, వంశ చిహ్నాలు, పొడవాటి డచ్చి పేర్లు. మన మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి శ్మశానాల్లో చూసిన చెక్కడాలూ ఇవీ ఒకే కుదురువి. అదే కంపెనీ, అదే వ్యాపారం. బందరు నుంచి కలంకారీ, ఇతర నూలు బట్టలు కొన్న కంపెనీయే ఇక్కడ దాల్చిన చెక్క సేకరించేది. బందరులో ఆ కంపెనీ గుర్తులు కొన్ని సమాధులూ శిథిలాలూగా మిగిలాయి. గాలెలో ఊరే మిగిలింది. తేడా రాళ్ల గట్టిదనంలో లేదు. రాళ్ల మధ్య మనుషులు ఉండిపోవడంలో ఉంది. కాపురం ఉన్న ఇంటికి ఏటా సున్నం పడుతుంది, కారే పెంకు మారుతుంది. ఖాళీ చేసిన ఇల్లు ఎంత గట్టిదైనా నాలుగు వానాకాలాలకు మించి నిలవదు.

అందుకే కోటలో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే గుబులుగా ఉంటుంది. ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. విదేశీయులు, కొలంబో ధనవంతులు కొని హోటళ్లుగా, నగల దుకాణాలుగా, కాఫీ షాపులుగా మార్చేస్తున్నారు. ఇక్కడి ముస్లింలు తరతరాలుగా తమిళం మాట్లాడతారు, చాలామంది రత్నాల వ్యాపారం చేస్తారు. వాళ్లలో ఒక పెద్దాయన తన అరుగు మీద నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ‘‘నా చిన్నప్పుడు పండగ పూట ఏ ఇంట్లో ఏం వండుతున్నారో వాసన పట్టి చెప్పేవాళ్లం తంబీ. ఇప్పుడు వీధిలో వాసనలు మారిపోయాయి’’ అన్నారు. ఆయన కొడుకులు కొలంబోలో ఉంటున్నారు. ఇల్లు అమ్మమని వారానికొకరు తలుపు తడుతున్నారట. ఆయన అమ్మలేదు. అమ్మినవాళ్లను తప్పుపట్టనూ లేదు.

ఒక రాయి, ముగ్గురు దేవుళ్లు

గాలెలో దొరికిన ఒక రాయి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1911లో ఊళ్లో ఒక ఇంజినీరు కల్వర్టు మీద పరిచి ఉన్న బండను గమనించాడు. తీసి చూస్తే దాని మీద మూడు భాషల్లో అక్షరాలు: చైనీస్, తమిళం, పారశీకం. చైనా మింగ్ చక్రవర్తి పంపిన నౌకా సేనాని ఝెంగ్ హె తెచ్చిన శాసనం అది. 1409 ఫిబ్రవరి తేదీతో చైనాలోనే చెక్కించి, ఓడలో వేసుకుని ఇంత దూరం వచ్చాడు.

విషయం అంతకంటే ఆసక్తికరం. చైనీస్ పాఠం బుద్ధుడికి కానుకలు సమర్పిస్తుంది. తమిళ పాఠం తెనవరై నాయనారుకు, అంటే ఇక్కడికి ఆగ్నేయంగా దేవినువరలో వెలసిన విష్ణువుకు. పారశీక పాఠం అల్లాకు. బంగారం, వెండి, పట్టు, దీపాలకు నూనె.. ఇలా కానుకల పట్టికలు మూడింట్లోనూ దాదాపు సమానం. ఎక్కడో నాన్‌జింగ్‌లో కూర్చున్నవాళ్లకు ఈ రేవులో ఎవరెవరు ఉంటారో, ఎవరి దేవుడికి ఏం ఇస్తే ఎవరు సంతోషిస్తారో తెలుసు. తూర్పు నుంచి వచ్చే ఓడలూ, అరేబియా నుంచి వచ్చే ఓడలూ కలుసుకునే చోటు ఇది. రుతుపవనం మారేదాకా నెలల తరబడి ఆగాల్సిందే. అలా ఆగినవాళ్లు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, గుళ్లూ మసీదులూ లేపారు. పోర్చుగీసు వాళ్ల కంటే శతాబ్దాల ముందే ఈ తీరం అంత పెద్ద కూడలి. రాయి ఇప్పుడు కొలంబో జాతీయ మ్యూజియంలో ఉంది. విమానం దిగిన రోజే దాన్ని చూసి, ఆ తర్వాత రైలెక్కండి.

కుడి వైపు కిటికీ

కొలంబో నుంచి గాలెకు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, కారులో రెండు గంటల్లోపే వెళ్లిపోవచ్చు. నా మాట విని రైలెక్కండి. కుడి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. చాలాచోట్ల పట్టాలకూ అలలకూ మధ్య ఉండేది కాసిన్ని రాళ్లు మాత్రమే. ఈ దారి 1890ల్లో మాతర దాకా చేరింది. 2019లో బెలియత్త వరకు పొడిగించారు. కళుతర నుంచి మాతర దాకా పట్టాలను మళ్లీ బలంగా వేసింది మన ఇర్కాన్ సంస్థే, భారత ప్రభుత్వం ఇచ్చిన రుణంతో.

హిక్కడువ రాబోతుండగా పెరలియ అనే చిన్న ఊరొస్తుంది. 2004 డిసెంబరు 26 ఉదయం కొలంబో నుంచి మాతర వెళ్తున్న రైలు ఇక్కడే ఆగిపోయింది. సునామీ మొదటి అలకు బెదిరిన ఊరివాళ్లు, బోగీలు బరువుగా ఉంటాయి కదా అని రైలెక్కారు, కొందరు దాని వెనక దాక్కున్నారు. రెండో అల బోగీలను బొమ్మల్లా ఎత్తి పడేసింది. తక్కువలో తక్కువ 1,700 మంది పోయారు. ప్రపంచ రైల్వే చరిత్రలోనే అతి పెద్ద ప్రమాదం ఇదని చెబుతారు. ఇప్పుడక్కడ జపాన్ వాళ్ల సాయంతో నిలబెట్టిన ఎత్తైన బుద్ధ విగ్రహం ఉంది. దగ్గర్లోనే స్థానికులు నడిపే చిన్న ఫొటోల మ్యూజియం ఉంది. 1977 నాటి దివిసీమ ఉప్పెన కథలు విన్న తెలుగువాళ్లు ఆ ఫొటోల ముందు ఎక్కువసేపు నిలబడలేరు.

2004 సునామీ అంతటా ఒకేలా విరుచుకుపడలేదు. పక్కనే ఉన్న హిక్కడువలో పగడపు దిబ్బలకు రక్షణ ఉండేది. అక్కడ అల జోరు తగ్గింది. పెరలియ వైపు ఏళ్ల తరబడి సున్నం బట్టీల కోసం పగడాన్ని తవ్వి అమ్మేశారు. దిబ్బలు పోయి తెరిపిగా ఉన్నచోట అల నేరుగా లోపలికొచ్చిందని తర్వాత పరిశోధకులు తేల్చారు. గాలెలో కొత్త బస్టాండు, క్రికెట్ మైదానం మునిగిపోయాయి. కోట లోపలి ఇళ్లు మాత్రం ఆ మందపాటి గోడల వల్ల పెద్ద నష్టం లేకుండా బయటపడ్డాయి. మైదానంలో మళ్లీ టెస్టు మ్యాచ్ జరిగింది 2007 డిసెంబరులో.

చెక్క ఒలిచే చేతులు

ఈ తీరానికి అన్ని ఓడలు రావడానికి అసలు కారణం తీరంలో లేదు, రెండు మూడు మైళ్లు లోపలికి వెళ్తే ఉంటుంది. దాల్చిన చెక్క. మన ఇళ్లలో బిర్యానీలోకి వేసే మందపాటి ముక్క చాలావరకు దీని చుట్టం, వేరే జాతి చెట్టుది. లంక చెక్క పల్చగా ఉంటుంది, తియ్యటి వాసన, వేలితో నొక్కితే పుటుక్కున విరుగుతుంది.

దాన్ని ఒలవడం దగ్గరుండి చూడాలి. వానలు పడ్డాక పచ్చి కొమ్మలు నరికి తెస్తారు. ఒలిచే మనిషి నేల మీద కూర్చుని ముందు పై బెరడును గీకేస్తాడు. తర్వాత ఇత్తడి కడ్డీతో కొమ్మంతా గట్టిగా రుద్దుతాడు. అలా రుద్దితేనే లోపలి పొర కర్రను వదులుతుంది. చిన్న కత్తితో అడ్డంగా రెండు గాట్లు, నిలువుగా రెండు. కత్తి మొన లోపలికి దూర్చి మెల్లగా తిప్పితే పొర మొత్తం ఊడి చేతికొస్తుంది. చిరిగిందా, దాని ధర పడిపోయినట్టే. ఒలిచిన పొరలను ఒకదానిలో ఒకటి దోపి, మధ్యలో చిన్న ముక్కలు నింపి, 42 అంగుళాల పొడవున చుడతారు. ఎండలో పెట్టరు. ఇంటి కప్పు కింద తాళ్లు కట్టి వాటి మీద ఆరేస్తారు. ఇల్లంతా వాసన. డచ్చి కంపెనీ రోజుల్లో చెక్క దొంగతనంగా అమ్మితే మరణశిక్ష ఉండేది. ఒలిచేవాళ్ల కులం మొత్తాన్నీ కంపెనీ ఆ పనికే కట్టేసింది. ఇప్పుడు కూలి పర్వాలేదు, పని నేర్చుకునే కుర్రాళ్లే దొరకడం లేదని తోటల యజమానులు వాపోతున్నారు. అంత నైపుణ్యానికి దక్కాల్సిన గౌరవం దక్కకపోతే ఎవరు మాత్రం నేర్చుకుంటారు?

ఇసుక ఊళ్లు

గాలె దాటాక బీచ్‌లు వరసగా వస్తాయి. ఉనవటున ఈత వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ అనువైన వంపు తీరం. పక్కనే రుమస్సల కొండ. హనుమంతుడు సంజీవని పర్వతం మోసుకుపోతుంటే ఒక ముక్క ఇక్కడ రాలిందని, అందుకే ఈ కొండ మీద ఇన్ని మందుమొక్కలున్నాయని ఊరివాళ్లు చెబుతారు.

కొగ్గలలో మాత్రం కాస్త ఆగాలి. సింహళ నవలకు కొత్త బాట వేసిన మార్టిన్ విక్రమసింఘె 1890లో పుట్టిన ఊరు ఇది. ఆయన ఇల్లు, దాని చుట్టూ జానపద మ్యూజియం ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి సరస్సు మీద సీప్లేన్ల స్థావరం కోసం ఊళ్లు ఖాళీ చేయించారు. 1942 ఏప్రిల్ 4న ఇక్కడి నుంచి ఎగిరిన విమానంలో కెనడా వైమానికుడు లియొనార్డ్ బర్చల్ జపాన్ నౌకాదళం లంక వైపు వస్తున్నట్టు ముందుగా కనిపెట్టి కబురు పంపాడు. మర్నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, అదే దాడిలో భాగంగా బంగాళాఖాతంలోకి వచ్చిన మరో జపాన్ దళం విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయిన కథలు మన పెద్దలు చెప్పేవారు. ఆ కథ మొదటి పేజీ ఈ సరస్సు ఒడ్డున ఉంది.

నీళ్లలో పాతిన గుంజల మీద కూర్చుని గేలం వేసే జాలరుల ఫొటోలు చూసే ఉంటారు. అదీ ఈ చుట్టుపక్కలే. యుద్ధకాలంలో తిండి కరవై మొదలైన పద్ధతని చెబుతారు. ఇప్పుడు గుంజలెక్కేది ఎక్కువగా కెమెరాల కోసమే. డబ్బులిచ్చి ఫొటో తీసుకోవడంలో తప్పేం లేదు. చేపలకంటే ఫొటోలే వాళ్ల పొయ్యి వెలిగిస్తున్నాయి, బేరమాడకండి.

వెలిగమ సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లతో నిండి ఉంటుంది. ఊరి పక్కన ఒక బండలో మూడు మీటర్ల ఎత్తున చెక్కిన బోధిసత్వుడు ఉన్నాడు. జనం మాత్రం ఆయన్ను కుష్ఠురోగం వచ్చిన రాజు అంటారు, కొబ్బరి నీళ్లు తాగి బాగయ్యాడట. మిరిస్సలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు కనపడతాయి. వాటి వెంటపడి తరిమే పడవలు ఎక్కకండి, దూరం పాటించే పడవను అడిగి మరీ ఎంచుకోండి.

తిండి సంగతికొస్తే, ఈ దక్షిణ ప్రాంతపు సొంత వంట అంబుల్ తియల్. టూనా ముక్కలకు మిరియాలు, గోరక అనే ఎండు పులుపు కాయ ముద్ద పట్టించి, మట్టికుండలో నీరంతా ఇగిరేదాకా వండుతారు. ఫ్రిజ్ లేకుండానే రోజుల తరబడి నిలవ ఉంటుంది. భోజనం చివర మట్టిమూకుడులో గేదె పెరుగు, దాని మీద కితుల్ పాకం. కితుల్ అంటే వేరేదేమీ కాదు, మన మన్యంలో కల్లు తీసే జీలుగ చెట్టు. వీళ్లు ఆ నీరాను కాచి పాకం చేస్తారు. గట్టి పెరుగు మీద ఆ నల్లటి పాకం ధారగా పోసుకుని తిన్నాక, జీలుగకు మన దగ్గర ఈ దారి ఎందుకు దొరకలేదా అనిపించింది.

మాతర, ఆపైన

గాలెకు 45 కిలోమీటర్ల దూరంలో నిల్వల నది ఒడ్డున మాతర. ఇక్కడ ఆరు కోణాల చిన్న నక్షత్ర కోట ఉంది. దాని పుట్టుకకు ఒక రకంగా తెలుగువాళ్లే కారణం. అప్పుడు క్యాండీలో రాజ్యం చేస్తున్నది మధుర నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న వంశం. 1739 నుంచి 1815 దాకా సింహళ సింహాసనం వాళ్లదే. ఆ వంశంలో రెండో రాజు కీర్తి శ్రీ రాజసింహ 1761లో డచ్చి వాళ్ల మీద యుద్ధానికి దిగాడు. ఆయన సేనలు మాతర కోటను పట్టుకున్నాయి. మరుసటేడు డచ్చి వాళ్లు తిరిగి తీసుకున్నారు గానీ, భయం పోలేదు. అందుకే 1763-65 మధ్య నది ఇవతల ఈ చిన్న కోట కట్టి, చుట్టూ కందకం తవ్వారు. దీన్ని సందర్శించే తెలుగువాళ్లు తక్కువ. కనీసం ఒక పూట కేటాయించదగ్గ చోటు.

అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు పోతే లంక దక్షిణపు కొస, దేవినువర. చైనా రాయి మీద పేరున్న దేవుడి ఊరు. 1344లో వచ్చిన ఇబ్న్ బతూతా ఇక్కడ వేయిమంది బ్రాహ్మణులనూ యోగులనూ, మనిషంత ఎత్తు బంగారు విగ్రహాన్నీ చూశానని రాసుకున్నాడు. 1588లో, అంటే గాలెలో కోట లేచిన ఏడాదే, పోర్చుగీసు సేన ఈ గుడిని దోచి కూల్చేసింది. గుడి మళ్లీ లేచింది. విష్ణువు ఇప్పుడు నీలిరంగు దేవాలయంలో కొలువున్నాడు, పక్కనే బౌద్ధ విహారం ఉంది. ఏటా జులై, ఆగస్టుల్లో జరిగే పెరహెర ఊరేగింపులో ఏనుగులు, డప్పులు, నిప్పుతో ఆటలు. ఆ రోజుల్లో ఇటు సముద్రం పోటు మీద ఉంటుంది, ఈతకు పనికిరాదు. బీచ్‌లు ముఖ్యమనుకునేవాళ్లు డిసెంబరు, మార్చి మధ్య రావాలి. పండగ కావాలనుకునేవాళ్లు అలలతో రాజీపడి ఆషాఢ శ్రావణాల్లో రావాలి.

వచ్చినవాళ్లందరూ 49 మీటర్ల దీపస్తంభం దగ్గర ఫొటో దిగి వెనక్కి మళ్లుతున్నారు. మీరు అలా చేయకండి. ఊరి వెనక గుట్ట మీద గల్గె అనే చిన్న రాతి గుడి ఉంది. ఏడో శతాబ్దం నాటిదని చెబుతారు. ఏ అలంకారం లేని నాలుగు గోడలు, రాతి కప్పు. పోర్చుగీసు వాళ్ల విధ్వంసం తర్వాతా అది నిలిచే ఉంది. ఆటో అతనికి పేరు చెబితే చాలు, తీసుకెళ్తాడు.